రూమ్మేట్ ప్రాక్సీ వేయమంటోంది, స్నేహితురాలు ఎవరికీ చెప్పొద్దంటోంది: కాలేజీలో కొత్తగా చేరినవాళ్లు ఏం చేయాలి?

మీ ప్రశ్నలో నాలుగు విషయాలున్నాయి. కాలేజీలో చేరి రెండు నెలలైంది. రూమ్మేట్ క్లాసుకి రాకుండా తన అటెండెన్స్ మీ చేత వేయిస్తోంది, ఇప్పటికే కొన్నిసార్లు వేశారు. ఒక సీనియర్ పోయినేడాది అసైన్‌మెంట్లన్నీ ఇచ్చి "అందరూ ఇవి చూసే రాస్తారు" అంది. పరీక్షలో పక్క వరసలో ఒకతను ఫోన్ చూసి రాయడం మీ కంటపడింది. అన్నిటికంటే బరువైనది చివర్లో రాశారు. క్లాసులో మీకు దగ్గరైన ఒక అమ్మాయి కొన్ని వారాలుగా సరిగా తినడం లేదు, నిద్రపోవడం లేదు, "బతికి ఏం లాభం" అంటోంది, ఎవరికీ చెప్పనని మీ దగ్గర మాట తీసుకుంది. "ఒప్పుకుంటే చెడ్డదాన్నవుతున్నా, కాదంటే ఒంటరిదాన్నవుతున్నా, నేనే అతిగా ఆలోచిస్తున్నానా?" అని అడిగారు.

అతిగా ఆలోచించడం లేదు. ముందు సూటిగా సమాధానాలు చెప్పేస్తాను.

స్నేహితురాలి సంగతి ఈ రోజే, బాధ్యత తీసుకోగల ఒక పెద్ద మనిషికి చెప్పండి. ఇచ్చిన మాట తప్పాల్సి వచ్చినా సరే. ప్రాక్సీ ఇక వేయకండి, ఆ మాట రూమ్మేట్‌కి తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. సీనియర్ ఇచ్చిన అసైన్‌మెంట్లు ఎంతవరకు వాడుకోవచ్చో ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లను అడగండి, మీలో మీరే తేల్చుకోవద్దు. ఫోన్ చూసి రాసిన అతని గురించి చెప్పాలా వద్దా అన్నదొక్కటే మీ విచక్షణకు వదలదగిన విషయం, అదీ మీ కాలేజీ నియమాలు చెప్పి తీరాలని అనకపోతేనే.

ఇక ఎందుకో చెప్తాను. నేను చాలా ఏళ్లుగా కాలేజీలో పాఠం చెబుతున్నాను. కాపీ, నకలు కేసులు విచారించే కమిటీలో పనిచేశాను, హాస్టల్ బాధ్యత కూడా చూశాను. కమిటీ ముందుకొచ్చిన పిల్లల్లో మోసం చేద్దామని కాలేజీకి వచ్చినవాళ్లు చాలా అరుదు. పొద్దున్నే గడువు ఉండగా అర్ధరాత్రి భయపడి చేసినవాళ్లు, ఇష్టమైనవాళ్లు అడిగితే కాదనలేక చేసినవాళ్లే ఎక్కువ. "తప్పని తెలుసా?" అని అడిగితే దాదాపు అందరూ తెలుసనే అన్నారు. అందుకే కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేది ఇదే: మీరు ధర్మసంకటం అనుకునేవాటిలో ఎక్కువ భాగంలో ఏది సరైనదో మీకు ముందే తెలుసు. దాన్ని ఎదుటి మనిషితో అనడం దగ్గరే ఆగిపోతున్నారు. అలాంటి చోట ఇంకా ఇంకా ఆలోచించడం వల్ల లాభం లేదు. ఏ మాట, ఎవరితో, ఎప్పుడు అనాలో సిద్ధం చేసుకోవాలి.

అన్నీ అలాంటివే అని కూడా అనను. నీతి గురించి రాసిన అమెరికన్ రచయిత రష్‌వర్త్ కిడర్ 1990లలో దీన్ని చక్కగా విడదీశాడు. ఒప్పుకీ తప్పుకీ మధ్య ఊగిసలాడుతుంటే అది ప్రలోభం. రెండు ఒప్పుల మధ్య నలిగితే అది అసలైన సంకటం. నిజం ఒకవైపు, నమ్మినవాళ్ల పట్ల విధేయత ఒకవైపు. ఒక్కరి మేలు, అందరి మేలు. ఇవాళ్టి అవసరం, రేపటి మేలు. న్యాయం, దయ. ఇలా నాలుగు జతలు చెప్పాడు. మీ విషయాలు ఇందులో పెట్టి చూడండి. ప్రాక్సీలో రెండు ఒప్పులు లేవు, మొహమాటం మాత్రమే ఉంది. స్నేహితురాలి విషయంలో నిజానికీ విధేయతకీ మధ్య మీరు నిజంగానే నలుగుతున్నారు. ఫోన్ చూసి రాసిన అతని విషయంలో న్యాయం, దయ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మీరు నాలుగింటికీ ఒకే బాధ పడుతున్నారు, అందుకే ఏదీ తెమలడం లేదు.

స్నేహితురాలి విషయం

మాట నిలబెట్టుకునే మనిషి అనిపించింది కాబట్టే ఆమె మీకు చెప్పుకుంది. ఆ గుణాన్ని నేను కొంచెం కూడా తక్కువ చేయను. కానీ "ఎవరికీ చెప్పకు" అన్నప్పుడు ఆమె మనసులో ఏముందో ఆలోచించండి. నలుగురి నోళ్లలో పడకూడదు, క్లాసులో జాలిగా చూడకూడదు, ఇంట్లో గొడవ కాకూడదు. ఇవన్నీ కాపాడదగిన కోరికలే, మీరు కాపాడగలిగినవే. ఇంకో స్నేహితురాలికి చెప్పకండి, గ్రూపులో సలహా అడగకండి. సాయం చేయగల ఒక్కరికి చెప్పండి. కౌన్సెలర్ ఉంటే కౌన్సెలర్‌కి, లేకపోతే వార్డెన్‌కో, మీకు నమ్మకమున్న లెక్చరర్‌కో.

రహస్యం కాపాడటమే వృత్తిగా ఉన్నవాళ్లు కూడా ప్రాణం దగ్గర ఆగుతారు. మొదటిసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే సాధారణంగా ముందే చెప్తారు, నువ్వు చెప్పింది నాలోనే ఉంటుంది, నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం అనిపిస్తే మాత్రం కాదు అని. దీని వెనక ఒక విషాదం ఉంది. 1969లో కాలిఫోర్నియాలో ఒక విద్యార్థి తనకు పరిచయమున్న అమ్మాయిని చంపాలనుకుంటున్నట్టు విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోని చికిత్సకుడికి చెప్పాడు. ఆ అమ్మాయిని గాని, ఆమె ఇంటివాళ్లను గాని ఎవరూ హెచ్చరించలేదు, ఆమె హత్యకు గురైంది. 1976లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇంకొకరి ప్రాణానికి ముప్పు మొదలైన చోట రహస్యం పాటించే రక్షణ ఆగిపోతుందని తీర్పు చెప్పింది. మీ స్నేహితురాలి ముప్పు తన ప్రాణానికే. అయినా చదువుకుని, ప్రమాణం చేసి, వృత్తిలో ఉన్నవాళ్లకే ఆ గీత ఉన్నప్పుడు, పద్దెనిమిదేళ్ల మీరు దానికి మించిన రహస్యం మోయాలని ఎవరూ ఆశించకూడదు. ఆమె కూడా.

ఎలా చెప్పాలన్నది చాలామందికి తెలియదు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. ముందు ఆమెనే అడగండి. చుట్టూ తిప్పకుండా, "చనిపోవాలని అనిపిస్తోందా?" అని. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన తలలోకి ఎక్కుతుందని పెద్దవాళ్లు కూడా భయపడతారు. అది నిజం కాదు. ఆత్మహత్యల నివారణలో పనిచేసేవాళ్లందరూ సూటిగా అడగమనే చెప్తారు. ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్నది ఒకరు అడిగేసరికి చాలామందికి కాస్త ఊపిరి ఆడుతుంది. అవునంటే, ఎలా అని ఆలోచించిందా, అందుకు కావలసినవి దగ్గర పెట్టుకుందా అని కూడా అడగండి. పెట్టుకుందంటే ఆమెను ఒంటరిగా వదిలి ఎక్కడికీ వెళ్లకండి, అక్కడి నుంచే వార్డెన్‌కో అత్యవసర నంబరుకో ఫోన్ చేయండి. ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడటం, ఇన్నాళ్లూ కుంగిపోయిన మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారడం కనిపిస్తే కూడా అంతే.

అంత అత్యవసరం కాకపోతే, చెప్పబోయే ముందు ఆమెకే చెప్పండి. నేనైతే ఇలా అనమంటాను: "నువ్వు చెప్పింది నేనొక్కదాన్నే మోయలేకపోతున్నా. నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను. మేడమ్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. నువ్వు రానంటే నేనొక్కదాన్నైనా వెళ్తా, నీకు తెలియకుండా మాత్రం వెళ్లను." ఇందులో దాపరికం లేదు, బెదిరింపు లేదు. వెనక నుంచి వెళ్లి చెప్పడానికీ దీనికీ ఆమె దృష్టిలో చాలా తేడా ఉంటుంది. చాలామంది ఈ మాటకే లేచి వస్తారు.

ఇంకొకరు చూసుకుంటారులే అనుకోకండి. 1968లో డార్లీ, లాటానే అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు న్యూయార్క్‌లో కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. వేరే గదిలో ఉన్న విద్యార్థికి మూర్ఛ వచ్చినట్టు ఇంటర్‌కమ్‌లో వినిపించారు. వింటున్నది తానొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగేలోపే సాయానికి కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవాళ్లలో అలా కదిలింది 31 శాతమే. హాస్టల్లో నేను చూసిందీ ఇదే. ఒక అమ్మాయి తినడం లేదని ఆ అంతస్తులో అందరికీ తెలుసు, ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు, నా దాకా రావడానికి చాలా ఆలస్యమైంది.

దీనికి మీరు చెల్లించేది కూడా దాచను. ఆమెకు కోపం రావచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. నా దగ్గరికి రూమ్మేట్ గురించి చెప్పడానికి వచ్చిన ఒక అమ్మాయితో ఆ రూమ్మేట్ సెమిస్టర్ అయ్యేదాకా మాట్లాడలేదు. ఆ రూమ్మేట్‌కి వైద్యం జరిగింది, కోలుకుంది, చదువు పూర్తిచేసి వెళ్లింది. వాళ్ల స్నేహం మళ్లీ పాతలా అయిందని మాత్రం చెప్పలేను. చెప్పడానికి వచ్చిన అమ్మాయి దానికి సిద్ధపడే వచ్చింది.

ఒక్క విషయం. ఆమెకు చికిత్స చేయడం మీ పని కాదు. రాత్రంతా మేలుకుని కాపలా కాయడం, ఆమె మెసేజ్‌కి క్షణంలో జవాబివ్వకపోతే ఏదో అయిపోతుందని వణకడం, ఇవి మీరు మోయదగినవి కావు. ఒకసారి పెద్దవాళ్ల చేతుల్లో పెట్టాక మీరు ఆమెకు స్నేహితురాలిగా ఉండండి, చాలు. మీకూ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే అదే కౌన్సెలర్ దగ్గరికి మీ కోసం మీరు వెళ్లవచ్చు.

ప్రాక్సీ

ఇందులో తప్పెక్కడుందో మీకు తెలుసు: రాని మనిషి వచ్చిందని మీ చేత్తో రాస్తున్నారు. విచారణ జరిగితే వేయించుకున్నవాళ్లతో పాటు వేసినవాళ్లనూ నిలబెడతారు. చాలాసార్లు వేసినవాళ్ల మీదే ముందు పడతారు, ఎందుకంటే ఆ సమయానికి క్లాసులో దొరికేది వాళ్లే. ఇంతకు మించి ఈ తప్పు గురించి చెప్పేదేం లేదు. కష్టమంతా కాదనడంలో ఉంది.

పొద్దున క్లాసు మొదలవుతుండగా "ఈ ఒక్కసారికే" అని మెసేజ్ వచ్చినప్పుడు కాదనడం ఎవరికైనా కష్టమే. అప్పుడు ఆలోచించడానికి అర నిమిషం కూడా ఉండదు. అందుకే ముందు రోజు సాయంత్రం, ఏ తొందరా లేనప్పుడు, గదిలో మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి. నలుగురి ముందు చెప్తే ఆమెకు అవమానం, మీకు శత్రుత్వం. మాట చిన్నదిగా ఉండాలి: "పొద్దున లేపుతా, రాని రోజు నోట్స్ ఇస్తా, అర్థం కాకపోతే కూర్చుని చెప్తా. అటెండెన్స్ మాత్రం ఇక వేయను."

సాకు చెప్పకండి. "సార్ నన్నే గమనిస్తున్నారు", "మొన్న ఎవరో పట్టుబడ్డారట" అని తప్పించుకోవాలనిపిస్తుంది. ఆ సాకు తీరిన రోజు ఆమె మళ్లీ అడుగుతుంది, అప్పుడు కొత్త సాకు వెతకాలి. మీరు కారణాలు ఎన్ని చెప్తే ఆమెకు బేరమాడటానికి అన్ని దారులు దొరుకుతాయి. "నాకు ఇష్టం లేదు, నిన్ను తప్పు పట్టడం లేదు" అంటే బేరానికి చోటుండదు. రెండోసారి అడిగితే అదే వాక్యం అదే గొంతుతో మళ్లీ అనండి. సాధారణంగా మూడోసారి అడగరు.

ఒకటి మరిచిపోకండి, ఆమె క్లాసుకి ఎందుకు రావడం లేదో అడగండి. బద్ధకం అని మనం తేల్చేస్తాం. పాఠం చెప్పే భాష అర్థం కాక సిగ్గుపడి మానేసినవాళ్లను, రాత్రి పని చేసి ఫీజు కట్టుకుంటున్నవాళ్లను, ఎవరో వేధిస్తుంటే ఆ గదికి రావడానికే భయపడినవాళ్లను నేను చూశాను. వాళ్ల అటెండెన్స్ ఎవరో వేసేస్తూ ఉండటం వల్ల వాళ్ల కష్టం మా దాకా రాలేదు. కనిపించడం లేదని మొదటి వారంలోనే తెలిస్తే ఏదో ఒకటి చేయగలిగేవాళ్లం.

కాదంటే ఒంటరి అయిపోతానన్న మీ భయం గురించి. ఆ భయం నిజమే. దాని లెక్క మాత్రం మీరనుకున్నంత పెద్దది కాదు. 1950లలో సాలమన్ యాష్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగాలు చూడండి. ఒక గీత పొడవు ఏ గీతతో సమానమో చెప్పాలి, చూడగానే తెలిసిపోయే ప్రశ్న. గదిలో మిగతా అందరూ, ముందే కూడబలుక్కుని, తప్పు జవాబు చెప్తారు. అలాంటి చోట దాదాపు మూడో వంతు జవాబులు గుంపుతో పాటే తప్పాయి. అదే గదిలో సరైన జవాబు చెప్పే మనిషి ఇంకొక్కడు ఉంటే చాలు, ఆ తప్పులు ముందున్నవాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. మీకు క్లాసంతా తోడు అక్కర్లేదు. ఒక్కరు చాలు. మీలాగే లోపల ఇబ్బంది పడుతున్న ఆ ఒక్కరు ఉండే ఉంటారు. 1993లో ప్రెంటిస్, మిల్లర్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులను మద్యం గురించి అడిగారు. క్యాంపస్‌లో తాగే అలవాటు పట్ల తమకు ఇబ్బందిగానే ఉంది, మిగతావాళ్లకు మాత్రం తమకున్నంత ఇబ్బంది లేదు అని సగటున అనుకున్నారు. అంటే చాలామంది ఒకరికి తెలియకుండా ఒకరు అదే ఇబ్బంది దాచుకుంటున్నారు. "అందరూ చేస్తున్నారు" అని విన్నప్పుడల్లా ఇది గుర్తు తెచ్చుకోండి.

సీనియర్ అసైన్‌మెంట్లు, ఏఐ

ఇక్కడ మీకు నిజంగానే తెలియకపోవచ్చు, అందులో మీ తప్పేం లేదు. పాత ప్రశ్నపత్రాలు చూసి చదవడం చాలాచోట్ల మంచి పద్ధతే. పాత జవాబు పక్కన పెట్టుకుని మాటలు మార్చి రాయడం నకలు. ఈ రెండింటి మధ్య చాలా మెట్లున్నాయి, ఎక్కడ గీత గీయాలో ఒక్కో సబ్జెక్టులో ఒక్కోలా ఉంటుంది. ప్రోగ్రామింగ్‌లో ఒకరు కలిసి చేయమంటారు, ఇంకొకరు ఒంటరిగా చేయమంటారు.

గీత ఎక్కడుందో అడగకపోతే ఏమవుతుందో హార్వర్డ్‌లో 2012లో చూశాం. ఒక కోర్సులో ఇంటి దగ్గర రాసుకొచ్చే పరీక్ష పెట్టారు. పుస్తకాలు, నోట్స్, ఇంటర్నెట్ అన్నీ చూడొచ్చు, ఎవరితోనూ చర్చించకూడదని ప్రశ్నపత్రం మీదే ఉంది. దాదాపు 125 మందిపై విచారణ జరిగింది, అందులో సగానికి పైగా కొంతకాలం చదువు ఆపి వెళ్లాల్సి వచ్చింది. ఆ కోర్సులో కలిసి చదవడం మామూలే అనుకున్నామని చాలామంది వాదించారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉండే ఉంటుంది. విచారణ దాకా వచ్చాక ఆ నిజం వాళ్లను కాపాడలేదు.

నేను నా విద్యార్థులకు ఇచ్చే కొలత ఒకటే: తీసుకున్న సాయాన్ని మొదటి పేజీలో రాసి ఇవ్వగలనా? "ఈ పద్ధతి ఫలానా సీనియర్ నోట్స్ చూసి అర్థం చేసుకున్నాను" అని రాయగలిగితే పరవాలేదు. "మూడు, నాలుగు, ఐదు జవాబులు సీనియర్‌వే, మాటలు మార్చాను" అని రాయలేరు కదా. రాయలేననిపించిన చోటే గీత ఉంది. రాయొచ్చో లేదో కూడా తెలియకపోతే గడువుకు కనీసం ఒకరోజు ముందు మెయిల్ పెట్టి అడగండి. ఇలా అడిగిన విద్యార్థిని అనుమానించిన లెక్చరర్‌ని నేను చూడలేదు.

ఏఐకి కూడా ఇదే కొలత. దానికి తోడు రెండు జాగ్రత్తలు. మొదటిది, అది లేని పుస్తకాలను, లేని తీర్పులను ఉన్నట్టు చెప్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన కేసులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానాకు గురయ్యారు. రెండోది, ఏఐ రాతను పట్టేస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్లను పూర్తిగా నమ్మలేం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ స్వయంగా 2023 జనవరిలో విడుదల చేసిన అలాంటి పరికరాన్ని, సరిగా పనిచేయడం లేదని జులైలో ఆపేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాలను కూడా ఈ పరికరాలు పెద్ద సంఖ్యలో ఏఐ రాతగా ముద్రవేస్తున్నాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. ఇంగ్లిష్‌లో రాసే మనందరికీ ఇది పట్టించుకోవలసిన సంగతి. మీరు నిజాయితీగా రాసినా అనుమానం రావచ్చు. అందుకని చిత్తుప్రతులు చెరిపేయకండి, మార్పుల చరిత్ర దాచే డాక్యుమెంట్‌లోనే రాయండి. కమిటీలో మేం చివరికి చూసేది కూడా అదే: ఈ పని ఎలా ఎదిగిందో విద్యార్థిని చూపించగలదా, రాసినదాన్ని మా ముందు కూర్చుని వివరించగలదా అని.

పరీక్షలో ఫోన్

ముందు మీ కాలేజీ నియమాల పుస్తకం తీసి చదవండి. కొన్నిచోట్ల చూసినవాళ్లు చెప్పి తీరాలి. ప్రిన్స్‌టన్‌లో 1893లో విద్యార్థులే పట్టుబట్టి తెచ్చుకున్న నియమావళి ప్రకారం చాలా కాలం పరీక్ష గదిలో ఇన్విజిలేటర్ ఉండేవాడు కాదు. బదులుగా తాను కాపీ కొట్టనని, కొట్టడం చూస్తే చెప్తానని ప్రతి విద్యార్థీ ఒప్పుకోవాల్సి ఉండేది. అలాంటి మాట మీరు ఇచ్చి ఉంటే నిర్ణయం ఎప్పుడో అయిపోయింది.

ఇవ్వకపోతే ఆలోచించడానికి చోటుంది. మార్కులు ఒకరితో ఒకరిని పోల్చి ఇచ్చే క్లాసైతే అతని మోసం వల్ల ఇంకెవరో నష్టపోతున్నారు. డాక్టరో, ఇంజినీరో కావలసిన మనిషి కీలకమైన సబ్జెక్టు ఇలా గట్టెక్కితే రేపు నష్టపోయేది ఇంకెవరో. ఇంకోవైపు, మీరు చూసింది ఎంత? ఫోన్ చేతిలో ఉండటం చూశారా, అందులోంచి జవాబు దించుకోవడం చూశారా? మీకు తెలిసినదానికి, మీరు ఊహించినదానికి మధ్య తేడా మీ మాటలో స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే ఒకరి చదువు దాని మీద ఆధారపడుతుంది.

చెప్పడం, చెప్పకపోవడం అని రెండే దారులు లేవు. పేరెత్తకుండా "మా గదిలో ఫోన్లు వాడుతున్నారు, వచ్చే పరీక్షకు బయట పెట్టించండి" అని చెప్పొచ్చు. కొత్తగా చేరినవాళ్లకు నేను ఎక్కువగా సూచించేది ఇదే. దీనివల్ల ఆ గది మారుతుంది. అది చిన్న సంగతి కాదు. 1964లో విలియం బోవర్స్ అనే పరిశోధకుడు 99 అమెరికన్ కాలేజీల్లో సర్వే చేస్తే నాలుగింట మూడొంతుల మంది ఏదో ఒకసారి మోసం చేశామని ఒప్పుకున్నారు. 1993లో మెకేబ్, ట్రెవినో అనే పరిశోధకులు 31 కాలేజీల్లో పరిశీలించినప్పుడు, పట్టుబడతామనే భయం కంటే, శిక్ష కంటే, తోటివాళ్లు ఏం చేస్తున్నారన్న నమ్మకమే ఎక్కువ ప్రభావం చూపింది. పక్కవాళ్లు చేయడం లేదని కనిపిస్తే చేసేవాళ్లు తగ్గుతారు. క్లాసు గ్రూపులో అతని పేరు పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. అది న్యాయం కాదు, అతని పక్షం ఎవరూ వినరు.

మీరు అడగలేదు గాని, ఈ ఏడాదే ఎదురయ్యేవి ఇంకో మూడు. గ్రూప్ ప్రాజెక్టులో పని చేయని మనిషి పేరు పెట్టాలా అన్నది చివరి రోజు అడిగితే జవాబుండదు. మొదటి సమావేశంలోనే ఎవరి పని ఏమిటో, చేయకపోతే పేరు ఉండదని రాసుకుని అందరూ ఒప్పుకోండి. ఎవరిదో ప్రైవేట్ ఫొటోనో వీడియోనో మీ ఫోన్‌కి వస్తే ఇంకెవరికీ పంపకండి, చూపించకండి. అది ఎవరిదో వాళ్లకు మెల్లగా తెలియజేయండి, ఫిర్యాదు చేసుకునే అవకాశం వాళ్లదే. ఎవరినైనా గుంపుగా అవమానిస్తుంటే ఎదురు నిలబడే ధైర్యం లేకపోయినా, ఆ మనిషి పేరు పెట్టి పిలిచి "నీ కోసమే వెతుకుతున్నా, రా" అని అక్కడి నుంచి తీసుకొచ్చేయగలరు.

చివరిగా, ఇప్పటికే వేసిన ప్రాక్సీల సంగతి. అవి మనసులో తొలుస్తున్నాయని మీ ప్రశ్న చూస్తే తెలుస్తోంది. ఆగిపోవడం మొదటి పని. ఒప్పుకోవాలా అంటే, ఒప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ఒక షరతుతో: మీ వంతు మాత్రమే ఒప్పుకోండి. "మేడమ్, నేను క్లాసులో ఇంకొకరి అటెండెన్స్ వేశాను. తప్పని తెలిసే వేశాను. ఇక వేయను. దీనికి ఏ చర్య తీసుకున్నా ఒప్పుకుంటాను. ఎవరి కోసం అన్నది నేను చెప్పలేను, తనతో నేను మాట్లాడతాను." ఇది మెయిల్లో కంటే ఎదురుగా వెళ్లి చెప్తే నయం. వెళ్లే ముందు రూమ్మేట్‌కి చెప్పండి. రిజిస్టరు తిరగేస్తే తన పేరు బయటపడే అవకాశం ఉంది కాబట్టి, తానే ముందు వెళ్లి చెప్పుకోవడానికి ఒకట్రెండు రోజులు ఇవ్వండి. శిక్ష పడదని నేను హామీ ఇవ్వలేను. పట్టుబడకముందే తమంతట తాము వచ్చి చెప్పినవాళ్లను మా కమిటీ మాత్రం ఎప్పుడూ వేరుగానే చూసింది. చాలాసార్లు హెచ్చరికతో, ఆ రోజుల అటెండెన్స్ తీసేయడంతో సరిపోయింది.